కాచిన నీళ్ల ఇంట్లో జ్వరం

చావు మా గుమ్మం దాకా మూడుసార్లు వచ్చి, నన్ను తేరిపార చూసి, ఈ ముసలాడితో మనకెందుకులే అని వెనక్కి పోయిందని అందరితో చెబుతుంటాను. మా ఆవిడ పెంచలమ్మ పక్కన ఉంటే రెండుసార్లని చెబుతాను. నిజం రెండుసార్లే. ఆ రెండోసారి గుమ్మం దాకా వచ్చిందా, వీధి మలుపులోనే ఆగిందా అని డాక్టరు గారిని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు కర్ర లేకుండా కాలువ గట్టు దాకా పోయి వస్తున్నాను. అన్నం సయిస్తోంది. కాబట్టి రాస్తున్నాను. జ్వరపడి లేచినవాళ్లకు కాస్త తోడుగా ఉంటుందని కొంత, ఇంట్లో నీళ్లు కాచుకునేవాళ్లను హెచ్చరించాలని కొంత. నా తలలో ఇంకా ఒక చిక్కు ఉంది, కాగితం మీద పెడితే విడిపోతుందేమోనన్న ఆశ మిగతాదంతా. విడకపోతే నన్ను తప్పు పట్టవద్దు.

మా ఊరు విడవలూరుకు తూర్పున, బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ నడుమ ఇసుక మీద ఉంది. ఆ కాలువ మీద ఒళ్లు వంగేదాకా పడవ నడిపాను. ఉప్పు, సరుగుడు కట్టెలు మద్రాసుకు చేరవేసేవాణ్ని. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ మోకు లాగేవాళ్లకు కునుకు రాకుండా ఉండాలంటే చిన్న సంగతిని పెద్దది చేసి చెప్పాలి. ఆ అలవాటు అక్కడ అంటుకున్నది. పడవ మా అబ్బాయి శీనయ్య చేతికి పోయింది గాని అలవాటు నా దగ్గరే ఉండిపోయింది.

1961, ఆశ్వయుజం

మాకు దగ్గరి ఆసుపత్రి తారురోడ్డు మీది ఊళ్లో ఉంది. పొద్దున బండి కడితే ఎండ ముదిరేసరికి చేరతాం. ఒకప్పుడు అది నాలుగు పెంకులు కప్పిన కొట్టం. ఒక కాంపౌండరు, ఒక ఎర్రమందు. కడుపునొప్పికీ అదే, కాలునొప్పికీ అదే. సీసా మాత్రం మనమే తీసుకుపోవాలి.

ఆ ఏడు కొత్త డాక్టరు గారు వచ్చారు. తెనాలి వైపు మనిషి. మీసం ఇంకా సరిగా దిద్దుకోని వయసు. ఆయన ఎవరెవరి చుట్టూ తిరిగారో, ఏం అర్జీలు పెట్టారో గాని, చూస్తుండగానే కొట్టం పక్కన కొత్త గది లేచింది. గదిలో మంచాలు, కిటికీలకు జాలీ, బావి మీద సిమెంటు మూత, దానికి చేతిపంపు, కాచుకొని కూర్చునేవాళ్లకు వసారా, బెంచీలు. మా ఊరికి వచ్చి యాభై మంచాల ఆసుపత్రి అని చెప్పాను. యాభై కాదు, ఆరు. కానీ చాప మీద తప్ప పడుకొని ఎరగని వాళ్లకు ఆరు ఇనుప మంచాలు వరసగా కనిపిస్తే యాభై లాగే ఉంటాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది వసారాలో గోడకు తగిలించిన నల్లబల్ల. కాలం మారినప్పుడల్లా డాక్టరు గారు దాని మీద సుద్దముక్కతో జాగ్రత్తలు రాస్తారు. మాలో చదవగలిగినవాళ్లు తక్కువ గనుక తానే నిలబడి గట్టిగా చదువుతారు. ఎండాకాలంలో ఉప్పు వేసిన మజ్జిగ తాగి, తలకు గుడ్డ చుట్టుకొని బయటికి పొమ్మన్నారు. అది అందరికీ నచ్చింది, ఎందుకంటే అందరూ చేసేదే. వానలకు ముందు రాసినదాని దగ్గర వచ్చింది గొడవ.

"తాగే నీళ్లు తప్పకుండా మరగకాచి తాగండి" అని చదివారు.

వసారాలో నవ్వులు లేచాయి. గంప పక్కన పెట్టుకొని కూర్చున్న ఒక బెస్త ఆమె, "మరగ కాస్తే నీళ్లల్లో సారం పోదా సామీ?" అంది.

"సారం పోదమ్మా. పురుగులు పోతాయి."

"మా నీళ్లల్లో పురుగులు యాడివి సామీ? దొరువు నీళ్లు తాగతాం మేము. మొకం చూసుకోవచ్చు దాంట్లో."

ఆమె అన్నది అబద్ధం కాదు. మా వైపు దొరువంటే ఇసుకలో తవ్విన గుంట. లోతుండదు, నాలుగు మెట్లు దిగితే నీళ్లు. చుట్టూ ఉప్పునేలే అయినా ఆ గుంటలో నీళ్లు కొబ్బరినీళ్లలాగా ఉంటాయి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్ల కంటే ముందు దొరువును మెచ్చుకుంటారు మా దగ్గర.

డాక్టరు గారి మొహం చిన్నబోయింది. నాకు మనసు ఆగలేదు. లేచి నిలబడి, "రేపట్నించి మా ఇంట్లో కాచిన నీళ్లే సామీ. చుక్క పచ్చినీళ్లు ముట్టం" అన్నాను. వసారా అంతా చప్పట్లు కొట్టిందని చెబుతుంటాను. చప్పట్లు లేవు. ఒకాయన దగ్గాడు.

ఇంటికొచ్చి చెబితే పెంచలమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "నీళ్లు కాయాలంట నీళ్లు! కట్టెలు యాణ్ణించి వస్తాయి? మాట నువ్వు ఇచ్చి వస్తివి, పొగ మేము తాగాలా?"

"నేను కాస్తాలే అత్తా" అన్నది మా కోడలు మస్తానమ్మ. కాపరానికి వచ్చి రెండేళ్లు. గట్టిగా మాట్లాడి ఎరగదు.

ఆ పిల్ల రోజూ రాత్రి కాగులో నీళ్లు మరగబెట్టి, చల్లారాక ఇత్తడి బిందెలో పోసి, పైన తడిగుడ్డ కట్టేది. మొదటిరోజు తాగితే నోరు చప్పబడిపోయింది. నీళ్లకు ప్రాణం లేనట్టు. కానీ ఊరంతా డప్పు కొట్టుకున్నాను కదా, మింగాను. రెండు రోజుల్లో అలవాటైంది. బాగానే అనిపించాయి. ఊళ్లో మా ఇంటికి కాచిన నీళ్ల ఇల్లని పేరు పడింది. నేను వీధిలో కొంచెం వెడల్పుగా నడిచాను.

కార్తీకం

తుఫాను వచ్చి పోయింది. కాలువ పొర్లి దొరువుల్లోకి ఎర్రనీళ్లు దిగాయి, నాలుగు రోజులకు తేటపడ్డాయి. ఆ తర్వాత నాకు జ్వరం.

మొదట ఒళ్లు బరువు. పోతుందిలే అనుకున్నాను. పోలేదు. సాయంత్రానికి పెరుగుతుంది, తెల్లారేసరికి కొంచెం దిగినట్టే దిగి, మళ్లీ సాయంత్రానికి ఇంకో మెట్టు పైకి. తల లోపల ఎవరో మోకు కట్టి లాగుతున్నట్టుండేది. అన్నం వాసన పడేది కాదు. ఇంట్లో మనుషులు ఎవరెవరో అర్థమయ్యేది కాదు. మంచం కదులుతున్నదని, గడ వెయ్యండని కేకలు పెట్టానట. పెంచలమ్మను పట్టుకొని సుంకం గుమాస్తా అనుకొని, పడవలో ఉప్పు తప్ప ఏమీ లేదు సామీ అని బతిమాలానట.

బండిలో గడ్డి పరిచి ఆసుపత్రికి తీసుకుపోయారు. అత్తాకోడళ్లు చెరోపక్క కూర్చున్నారు. శీనయ్య అప్పుడు పడవతో మద్రాసు దారిలో ఉన్నాడు.

వసారాలో బెంచీ మీద పడుకోబెట్టారు. ఎంతసేపు కాచుకున్నామో తెలియదు. నా తల దగ్గర ఎవరో ఒక ఆడమనిషి, చంకలో బిడ్డతో, విసనకర్రతో విసురుతూనే ఉంది. "ఓర్చుకో నాయనా, ఎవురి బిడ్డవో" అంటున్నది. వాళ్ల నాన్న కంటే నేను పెద్దవాణ్ని. ఐనా ఆ మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తన వంతు వచ్చి లోపలికి పోతూ విసనకర్ర నా గుండెల మీద పెట్టి పోయింది. ఆమె ఎవరో ఇప్పటికీ తెలియదు.

డాక్టరు గారు నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చారని ఊళ్లో చెప్పాను. ఆయన ఎటో పోతున్నారు, బెంచీ మీది నుంచి దారికి అడ్డంగా చాచిన నా కాలు తగిలి ఆగారు. ఆగి చూసి మాత్రం అదిరిపోయారు.

"ఈయన నీళ్లు కాచి తాగే తాతగారు కదా! కాచే తాగుతున్నారా?"

ఆయన వింతపడి అడిగిన మాట. పెంచలమ్మకు అది నేరం మోపినట్టు వినిపించింది. అక్కడ కూర్చున్నవాళ్లందరూ ఆమె వైపే చూశారు. ఆమె గిరుక్కున కోడలి వైపు తిరిగింది.

"ఏమ్మే, డాక్టరయ్య అడగతా ఉండాడు, చెప్పు."

"కాస్తానే ఉండా అత్తా. రోజూ కాస్తా ఉండా."

"కాస్తే ఈ జ్వరం ఎట్టా వచ్చింది?"

మస్తానమ్మ నా మీది దుప్పటి సర్దింది. డాక్టరు గారు నా నాడి పట్టుకున్నారు. ఇదంతా వాళ్లు తర్వాత చెప్పిందే. నేను ఆ వేళకు కాలువ మీద ఎక్కడో ఉన్నాను.

టైఫాయిడ్ అన్నారు. మా వాళ్లు సన్నిపాతం అనుకున్నారు. కొత్త గదిలో కిటికీ పక్క మంచం ఇచ్చారు. అక్కడి రోజులు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. జాలీలో నుంచి గళ్లు గళ్లుగా పడే ఎండ. పంపు కొట్టే చప్పుడు. ఆసుపత్రి ఆయా బార్లీనీళ్లు గరిటెతో పోస్తూ, "మింగు తాతా, మింగితే కథ చెప్తా" అనడం. ఆమె ఒక్క కథా చెప్పలేదు. అడిగితే, "నువ్వు చెప్పినవి వినీ వినీ నాకున్న కథలు మరిచిపోయినా" అంది. అంటే నేను అంత జ్వరంలోనూ చెబుతూనే ఉన్నానన్నమాట.

జ్వరం దిగింది. డాక్టరు గారు నెలపాటు గట్టి పదార్థం పెట్టవద్దని, నీళ్లు మాత్రం కాచినవే ఇవ్వమని మరీ మరీ చెప్పి పంపారు.

మార్గశిరం

ఇల్లు చేరాను గాని ఇంట్లో గాలి మారిపోయింది. అత్త వంటింట్లో ఉంటే కోడలు పెరట్లో. కోడలు లోపలికి వస్తే అత్త వీధిలో. నేను నడుమ ఇంట్లో మంచం మీద, జావ తాగుతూ, రెండువైపులా వినిపించేది వింటూ పడి ఉన్నాను. ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. పిల్ల కాస్తుండగా నా కళ్లతో చూశాను. కానీ జ్వరం వచ్చింది కదా. మరి ఏది నిజం?

ఒకనాటి పొద్దున పెంచలమ్మ పొయ్యిలో చెయ్యి పెట్టి చూసింది. "చూడవయ్యా, బూడిద చల్లంగా ఉండాది. ఇంక కాచిందెప్పుడు?"

"రాత్రే కాచి దించినా అత్తా. తడికట్టెలు, తొందరగా ఆరిపోయినాయి."

"నువ్వు కాయలా. వేణ్ణీళ్లని చెప్పి గోరువెచ్చంగా చేసి పోసినావు. మొగుడు తెచ్చిన కట్టెలు మిగిలిచ్చినావా? మీ మామ ప్రాణం కంటే కట్టెలు ఎక్కువా నీకు?"

సరిగ్గా అప్పుడే ఆ పిల్ల అన్న నన్ను చూసిపోదామని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అంతా విన్నాడు. "నీళ్లు కాయడం చేతకాని పిల్లను మీ ఇంట్లో ఎందుకు పెట్టుకుంటారు? పదమ్మా" అన్నాడు. పెంచలమ్మ ఆపలేదు.

నేను మంచం మీద లేచి కూర్చొని, "ఆగండి, ఈ ఇంటి పెద్దను నేనింకా బతికే ఉన్నాను" అని గర్జించానని తర్వాత మా వాడితో చెప్పాను. గర్జన లేదు. నోరు తెరిచాను. బయటికి వచ్చిన మాట, "దాహం." వాకిలి దాటిన పిల్ల అది విని వెనక్కి వచ్చింది. చెంబుతో నీళ్లిచ్చి, నేను తాగేదాకా నిలబడి, "పోయొస్తా మామా. మాత్రలు మర్చిపోబాకు" అని వెళ్లిపోయింది.

అప్పటినుంచి నీళ్ల పని పెంచలమ్మే చేతిలోకి తీసుకుంది. కాగు చింతపండుతో తోమింది. కళపెళ మరిగేదాకా కదిలేది కాదు. ఊళ్లో మాత్రం వేరే మాట నడుస్తోంది. "మనం పచ్చినీళ్లు తాగి గుండ్రాయిలాగా ఉండాము, కాచిన నీళ్ల ఇంట్లోకే వచ్చిందంట జ్వరం" అని. ఆసుపత్రి బల్ల మీద రాసింది విని నీళ్లు కాయడం మొదలుపెట్టిన ఇళ్లు మా వైపు నాలుగైదు ఉండేవి. వాళ్లూ మానేశారు. అంత ఆర్భాటంగా మొదలుపెట్టింది నేను, వాళ్లు మానడానికి కారణమూ నేనే.

పుష్యం

మళ్లీ వచ్చింది.

మొదటిసారి భయం నాకు కాదు, చుట్టూ ఉన్నవాళ్లకు. రెండోసారి భయం నాకు తెలిసింది. సాయంత్రం ఒళ్లు వేడెక్కుతుంటే, ఇప్పుడు మోకు లాగడం మొదలవుతుందని ముందే తెలుసు. పెంచలమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి తీసేసింది. మళ్లీ పెట్టింది. ఇప్పుడు తప్పు మోపడానికి ఇంట్లో కోడలు లేదు.

ఆసుపత్రిలో అదే గది, ఈసారి తలుపు పక్క మంచం. పెంచలమ్మ కింద చాప మీద. శీనయ్య మద్రాసు నుంచి తిరిగొచ్చి, ఇంట్లో పెళ్లాం లేకపోవడం చూసి, తల్లితో మాట మానేశాడు. పడవలోనే వండుకొని పడవలోనే పడుకుంటున్నాడట. నా దగ్గరికి మాత్రం వచ్చి, మంచం కోడు పట్టుకొని కూర్చొని లేచిపోయేవాడు. మామగారింటికి పోతే గుమ్మంలోనే చెప్పారట: "మా పిల్ల మనిషిని చంపబోయిందని ఊరంతా అంటా ఉండారు. ఆ మాట అన్నామె వచ్చి, కాదని అందరి ముందర చెప్తే పంపిస్తాం. లేకపోతే ఇక్కడే ఉంటాది." తల్లికి ఆ మాట చెప్పు నాయనా అని నన్ను అడిగాడు. చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

జ్వరం కాస్త తెరపి ఇచ్చిన పొద్దున డాక్టరు గారు వచ్చి నా మంచం అంచున కూర్చున్నారు. ఆయన కళ్ల కింద నలుపు.

"తాతగారూ, నాకు తెలియడం లేదు" అన్నారు. "నేను చెప్పింది మానకుండా పాటించిన మనిషి మీరు ఒక్కరే. మీకే రెండుసార్లు వచ్చింది. నిన్న బల్ల తుడిచేశాను. ఏం రాయాలో తోచలేదు."

"ఎందుకు తుడిచినావు సామీ?" అన్నాను. "బల్లదేం తప్పు?"

"ఎవరిది మరి?"

ఒక డాక్టరు తనకు తెలియదని నాతో చెప్పడం అదే మొదటిసారి. విచిత్రంగా ఆ మాటకు నాకు భయం తగ్గింది. ఇన్నాళ్లూ తెలియనిది నాకొక్కడికే అనుకున్నాను.

మాఘం

ఈసారి నన్ను ఇంటికి పంపాక డాక్టరు గారు తానే చూడటానికి వచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకొని ఇసుకలో నడిచి వచ్చారు. వీధంతా మా వాకిట్లోకి చేరింది. ఆయన నా నాడి చూశారు, తర్వాత నేరుగా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "నీళ్లు ఎక్కడ కాస్తారమ్మా?" అని అడిగారు.

పెంచలమ్మ చూపించింది. అద్దంలా మెరిసే కాగు. తడిగుడ్డ కట్టిన బిందె. ముంచడానికి విడిగా కాడగరిటె. డాక్టరు గారు అన్నీ చూసి తల ఊపారు.

"ఇంత శుభ్రం మా ఇంట్లో కూడా లేదమ్మా. ఎంతసేపు మరుగుతాయి?"

"బుడగలొచ్చి పొంగేదాకా నాయనా. ఆమీద కూడా కాసేపు పెడతా."

ఇంకేం అడగాలో ఆయనకు తోచలేదు. ఓడిపోయినవాడిలా వచ్చి నా మంచం మీద కూర్చొని, "ఎండలో వచ్చాను, కొంచెం మంచినీళ్లు ఇవ్వండమ్మా" అన్నారు.

పెంచలమ్మ బిందెలో నుంచి నీళ్లు గ్లాసులోకి ముంచింది. ముంచి, మూలకు నడిచింది. అక్కడ అప్పుడే దొరువు నుంచి తెచ్చిన కడవ ఉంది. దాంట్లో నుంచి పచ్చినీళ్లు గ్లాసు నిండేదాకా ఒంపింది. డాక్టరు కదా అని కొంచెం ఎక్కువే ఒంపింది. తెచ్చి మర్యాదగా రెండు చేతులతో అందించింది.

డాక్టరు గారు గ్లాసు పట్టుకొని తాగలేదు.

"అదేమిటమ్మా పోశారు?"

"దొరువు నీళ్లు నాయనా. కాచిన నీళ్లు చచ్చిపోయిన నీళ్లు గదా, గొంతు దిగవు. ఇన్ని పచ్చినీళ్లు పోస్తే మళ్లా ప్రాణం లేస్తాది."

"రోజూ పోస్తారా?"

"పోయకుండా? జబ్బుమనిషికి చచ్చిన నీళ్లు తాగిస్తామా ఎవురన్నా?" అని వాకిట్లో ఉన్నవాళ్ల వైపు చూసింది. అందరూ అవునన్నట్టు తలలూపారు. నేనూ ఊపాను. తల ఊపడం పూర్తయ్యాక డాక్టరు గారి మొహం చూశాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. చేతులు తీస్తే నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు.

"కాచమని రాశాను" అన్నారు. "కాచాక ఏమీ కలపవద్దని రాయలేదు. నాకు తోచలేదు."

తర్వాత నిదానంగా చెప్పారు. తుఫానుకు కాలువ నీళ్లు దిగిన దొరువు పైకి తేటగా ఉన్నా లోపల విషం ఉండవచ్చని, ఒక్క గుక్క చాలునని, మరిగించిన పుణ్యమంతా ఆ ఒక్క చెంబుతో పోతుందని. "అయితే ఇదేనని ఒట్టు పెట్టి చెప్పలేను. ఈ జ్వరానికి తిరగబెట్టే గుణం ఉంది. కలపకపోయినా రెండోసారి వచ్చేదేమో" అన్నారు.

"అందరూ అయే నీళ్లు తాగితే నాకే ఎందుకొచ్చింది సామీ?"

"అదీ చెప్పలేను."

నా చిక్కు అక్కడే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

పెంచలమ్మ గుమ్మానికి ఆనుకొని నిలబడి ఉంది. "అయితే ఆ పిల్ల కాయలేదని నేను అన్నది..." అని ఆగింది.

"కాచే ఉంటుందమ్మా" అన్నారు డాక్టరు గారు.

ఆ రోజు ఆమె అన్నం తినలేదు. కోడలి ఊసు ఎత్తలేదు. మరుసటి రోజూ ఎత్తలేదు. పెద్ద గొంతుతో తప్పు పట్టిన మనిషి చిన్న గొంతుతో దిగిరావడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఎందుకంటే రోజూ నేను చేసే పని అదే. ఆమెకు అలవాటు లేదు.

వారం తిరిగి నన్ను చూపించడానికి ఆసుపత్రికి పోయాం. వసారా నిండా జనం. నల్లబల్ల మీద మళ్లీ అక్షరాలు. డాక్టరు గారు నిలబడి చదివారు. "నీళ్లు మరగకాచి తాగండి. కాచిన నీళ్లలో పచ్చినీళ్లు ఒక్క చుక్క కూడా కలపవద్దు."

అందరూ ఒకళ్లనొకళ్లు దొంగచూపులు చూసుకున్నారు. చివరికి ఆ గంప బెస్తామె లేచింది. "ఆ ముక్క ముందే చెప్పాల గదా సామీ! ఇన్నాళ్లూ కట్టెలు తగలేసి, కాచిన కాడికల్లా కలిపి పోస్తిమి!"

నవ్వులతో పెంకులు లేచిపోయాయి. కాచడం మానేశామన్న ఇళ్లవాళ్లు కూడా నవ్వుతున్నారు. ఆ నవ్వుల్లో ఎవరో అన్నారు: "ఈమే గదా, కాచలేదని కోడల్ని పంపించింది?"

పెంచలమ్మ నా చెయ్యి పట్టుకొని లేపింది. బండి ఎక్కింది. బండి తోలే అతను ఎడ్లను మా ఊరి దారికి తిప్పబోతే, "ఇంటికి కాదబ్బా. ఉత్తరానికి పోనీ" అంది. అది కోడలి పుట్టింటి దారి.

మేము దిగేసరికి మస్తానమ్మ తల్లి చాప వేసింది గాని కూర్చోమనలేదు. అన్న గుంజకు ఆనుకొని నిలబడ్డాడు. ఇరుగుపొరుగు దడి మీదుగా తలలు పెట్టారు. పెంచలమ్మ చాప మీద కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడి, చెరువు అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచేంత గొంతుతో చెప్పింది.

"నా కోడలు నీళ్లు కాచింది. రోజూ కాచింది. కాయలేదని నేను అన్నది అబద్ధం. కాచిన నీళ్లలో పచ్చినీళ్లు పోసింది నేను. ఆ పిల్ల పెరట్లో ఉన్నప్పుడు, నేను వేలు పెట్టినానని అనుకుంటాదేమోనని, చాటుగా పోసినా. మొగుడి మీదికి జ్వరం నేనే తెచ్చినా. విన్నారు గదా అందరూ?"

ఇక అయిపోయింది, పిల్ల గెలిచింది అనుకున్నాను. లోపల్నుంచి మస్తానమ్మ వచ్చింది. చిక్కిపోయింది. వచ్చి అత్త ముందు నిలబడి, నేల చూస్తూ, "నేను కూడా పోసినా అత్తా" అంది.

"ఏందే?"

"మొదటి రోజు తాగి మామ మొకం అదో మాదిరిగా పెట్టినాడు. చూడలేకపోయినా. మరుసటి రోజు నించి ఒక చెంబు పోసినా. నువ్వు చూస్తే తిడతావని చాటుగా పోసినా."

"నోరు ముయ్యవే!" అని తల్లి కసిరింది. "వాళ్లే ఒప్పుకుంటా ఉంటే మధ్యలో నీకెందుకు?"

"అత్త ఒక్కతే ఎందుకు మొయ్యాల?" అంది ఆ పిల్ల.

నాకు అప్పుడు తెలిసింది, రెండు రోజుల్లో ఆ నీళ్లు ఎందుకు అలవాటైపోయాయో. ఒకరికి తెలియకుండా ఒకరు, ఇద్దరూ నా మీద ప్రేమతో, చెరో చెంబు. ఎవరి మీద కోప్పడాలో అర్థం కాక నేను చాప మీద కూలబడ్డాను. పెంచలమ్మ కోడలి గడ్డం పట్టుకొని పైకెత్తింది. "నీ చెంబు పెద్దదా, నా చెంబు పెద్దదా?" అంది. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. అన్న గుంజ వదిలి, చెల్లెలి పెట్టె తేవడానికి లోపలికి పోయాడు.

తల్లి మాకు నీళ్లు తెచ్చింది. "కాచినవా?" అని ముగ్గురం ఒకేసారి అడిగాం. కావు. దండం పెట్టి బయల్దేరాం.

తిరుగుదారిలో ఎండ నెత్తిన ఉంది. ఆసుపత్రి నుంచి ఇటే వచ్చాం గనుక బండిలో నీళ్లు లేవు. దారిలో ఒక దొరువు దగ్గర బండి తోలే అతను దిగి, దోసిళ్లతో కడుపారా తాగి, మూతి తుడుచుకుంటూ, "ఏం నీళ్లు పెద్దయ్యా, అమృతం! దిగండి" అన్నాడు. నా నాలుక పిడచకట్టుకుపోయింది. పెంచలమ్మ ఆకాశం వైపు చూసింది.

"ఇంటికి పోయినాక కాయాలంటే ఎంతసేపు పడతాది అత్తా?" అంది మస్తానమ్మ.

"కాచినాక చల్లారాల గదమ్మా."

"చల్లారేదాకా?"

"కూర్చోవాల. ముగ్గురమూ బిందె చుట్టూ కూర్చుందాం. ఎవురి చెయ్యి కడవ మీదికి పోతాదో చూస్తా."

అలా పది మైళ్లు గొంతులు ఎండబెట్టుకొని వచ్చాం. పది కాదు, నాలుగు. దాహం మాత్రం పది మైళ్లదే.